ఇంట్లో చేసుకున్న స్టిల్ ఎయిర్ బాక్స్: రెండేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందు లెక్క చెప్తాను, తర్వాత పెట్టె సంగతి. సీసాలకు బూజు పట్టకుండా, లోపల చేతులు పెట్టి పని చేసుకునే పెట్టె ఇది. ఆర్కిడ్ విత్తనాలు సీసాల్లో మొలిపించడం మొదలుపెట్టిన కొత్తలో కిటికీలు, తలుపులు మూసుకుని మామూలు బల్ల మీదే పని చేసేవాణ్ణి. పది సీసాలు వేస్తే ఎనిమిదింటికి బూజు పట్టింది. తర్వాత మడతపెట్టుకునే రెడీమేడ్ గుడ్డ పెట్టె ఒకటి కొన్నాను. అందులో పన్నెండు వేస్తే ఐదు పోయాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ టబ్బు బోర్లించి, రెండు కన్నాలు పెట్టి నేనే ఒక పెట్టె చేసుకున్నాను. ఈ రెండేళ్లలో అందులో నలభై ఒక్క సీసా వేశాను. పాడైనవి నాలుగు. ఆ నాలుగులోనూ రెండింటి విషయంలో తప్పు పెట్టెది కాదు. అదెలా తెలుస్తుందో తర్వాత చెప్తాను.

ఇంత పట్టుబట్టి లెక్కలు రాసుకోవడానికి కారణం ఉంది. ఆర్కిడ్ విత్తనం పిండిలా ఉంటుంది. ఒక్క కాయలో వేలు, కొన్ని రకాల్లో లక్షలు కూడా ఉంటాయి. కానీ ఆ విత్తనంలో మొలకకు కావలసిన ఆహార నిల్వ దాదాపు ఉండదు. ప్రకృతిలో ఒక రకం శిలీంధ్రం సాయం చేస్తే తప్ప అది పైకి రాదు. శిలీంధ్రం లేకుండా, చక్కెర, లవణాలు కలిపిన అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) జెల్లీ మీద ఆర్కిడ్‌ని మొలిపించవచ్చని లూయిస్ నడ్సన్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త 1922లో చూపించాడు. ఇప్పటికీ ఇళ్లలోనూ నర్సరీల్లోనూ అందరం చేస్తున్నది అదే. చిక్కేమిటంటే ఆ తీపి జెల్లీ ఆర్కిడ్ కంటే బూజుకు ఎక్కువ ఇష్టం. మొలక కళ్లకు కనబడాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బూజుకు నాలుగు రోజులు చాలు. కాయ ముదరాలని నెలల తరబడి ఎదురుచూసి, విత్తనాలు చల్లి, వారం తిరక్కుండానే సీసాలో పచ్చటి బూజు చూస్తే మనసు ఎలా ఉంటుందో ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక పెట్టె. స్టిల్ ఎయిర్ బాక్స్ అంటే పేరులోనే ఉంది, గాలి కదలని పెట్టె. ఇందులో ఫ్యాను లేదు, ఫిల్టరు లేదు, కరెంటు లేదు. ఇది గాలిని శుభ్రం చేయదు. ఈ ఒక్క ముక్క మొదటే ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఏడాది కలిసొచ్చేది. గాలిలో ఉన్న బూజు స్పోర్లు (బూజుకు విత్తనాల్లాంటి కణాలు), బాక్టీరియా చాలావరకు దుమ్ము నలకలను, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొలుసులను పట్టుకుని తిరుగుతాయి. గాలి కదలకపోతే అవి కిందికి దిగిపోతాయి. పెట్టె చేసే పనల్లా అవి దిగేదాకా గాలిని ఆపి ఉంచడమే. దిగినవి మళ్లీ లేవకుండా చూసుకోవలసింది మన చేతులు.

దిగడానికి ఎంతసేపు పడుతుందో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే పెట్టె మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో అక్కడే తేలుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కదలని గాలిలో 10 మైక్రాన్ల నలక సెకనుకు దాదాపు 3 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. నా పెట్టె ఎత్తు 40 సెంటీమీటర్లు. అంటే పైకప్పు నుంచి అడుగుకు రెండు నిమిషాల పైచిలుకు. 5 మైక్రాన్లదైతే సుమారు తొమ్మిది నిమిషాలు. విడిగా తిరిగే 3 మైక్రాన్ల బూజు స్పోరు అయితే పాతిక నిమిషాల దాకా పడుతుంది. 1 మైక్రాన్ నలకకు మూడు గంటలు కూడా చాలవు. కాబట్టి పది నిమిషాలు ఆగితే పెట్టె లోపల అంతా స్వచ్ఛం అయిపోయిందని అనుకోకూడదు. పెద్ద నలకలు దిగిపోయాయి, వాటిని ఎక్కి తిరిగేవి కూడా వాటితోపాటే దిగిపోయాయి, అంతే. మిగిలిన చిన్నవి సీసా మూతి తెరిచి ఉన్న ఆ కొద్ది సెకన్లలో సరిగ్గా అందులోనే పడే అవకాశం తక్కువ. ఆ తక్కువనే ఇంకా తగ్గించుకోవడం మన పని.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1870ల్లో జాన్ టిండాల్ అనే భౌతిక శాస్త్రవేత్త ముందువైపు గాజు, పక్కల చిన్న కిటికీలు ఉన్న చెక్క పెట్టె చేయించి, లోపలి గోడలకు దుమ్ము అంటుకునేలా గ్లిజరిన్ పూశాడు. పక్క కిటికీలోంచి వెలుతురు కిరణం పంపి, లోపల దాని దారి కనబడకుండా పోయేదాకా కొన్ని రోజులు దాన్ని కదపకుండా ఉంచాడు. కిరణం కనబడలేదంటే దాన్ని చెదరగొట్టే ధూళి గాలిలో లేదని అర్థం. అప్పుడు లోపలి గాజు గొట్టాల్లో మాంసరసం పోసి మరిగిస్తే, ఆ పెట్టెలో ఉన్నంతకాలం అది చెడలేదు. బయటి గాలిలో పెట్టిన అలాంటి రసమే కొద్ది రోజుల్లో కుళ్లింది. నా టబ్బు ఆ పెట్టెకు మునిమనవడు అనుకుంటాను.

ఆ కిరణం పరీక్ష మీరూ చేసి చూడండి. పెట్టె చేసినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. గది చీకటి చేసి, టార్చిలైటును పెట్టె పక్కగోడకు ఆనించి వెలిగించాను. లోపల వెలుగు చారలో నలకలు మెల్లగా తేలుతున్నాయి. ఐదారు నిమిషాలు చూస్తూ కూర్చుంటే ఒక్కొక్కటే కిందికి జారి చార పలుచబడింది. అప్పుడు చేతిని మామూలుగా, అంటే బల్ల మీద పెన్ను అందుకునే వేగంతో, కన్నంలోంచి లోపలికి పెట్టాను. చారంతా ఒక్కసారి సుడి తిరిగింది. అడుగున దిగినవి లేచాయి, బయటివి చేతి పక్కనుంచి లోపలికి దూరాయి. చేయి తీసేశాక కూడా అర నిమిషం పైగా ఆ సుడి ఆగలేదు. మళ్లీ ఆగి, ఈసారి నీళ్లలో చేయి పెడుతున్నంత నెమ్మదిగా పెట్టాను. నలకలు కొద్దిగా పక్కకు జరిగాయి, అంతే. టార్చి వెలుగులో కనబడేవి పెద్ద నలకలే, స్పోర్లు కావు. కానీ గాలి ఎలా కదులుతుందో అవే చూపించాయి. ఆ రోజు నుంచి నా చేతి వేగం మారింది, పాడయ్యే సీసాల సంఖ్యా మారింది.

తయారీ సంగతికొస్తే, టబ్బు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. నాది బట్టలు సర్దుకునే రకం, 80 లీటర్లదని రాసి ఉంది. బోర్లిస్తే పొడవు సుమారు 60, వెడల్పు 40, ఎత్తు 40 సెంటీమీటర్లు. ఇంతకన్నా చిన్నదైతే చేతులు తిప్పడానికి చోటుండదు, ప్రతి కదలికా గోడకు తగిలి గాలి కదులుతుంది. చాలా టబ్బుల అడుగున గీతలో, కంపెనీ ముద్రలో ఉబ్బెత్తుగా ఉంటాయి. బోర్లించినప్పుడు ఆ అడుగే పైకప్పు అవుతుంది, మనం చూసేది అందులోంచే. ముద్ర సరిగ్గా కంటికి ఎదురుగా వస్తే సీసా మూతి మసకగా కనిపిస్తుంది. కొనేముందు టబ్బును ఎత్తి, అడుగులోంచి అరచేతి గీతలు చూడండి. స్పష్టంగా కనబడితే తీసుకోండి.

ప్లాస్టిక్ రకం కూడా ముఖ్యమే. నేను మొదట తెచ్చింది అద్దంలా తళతళలాడే గట్టి ప్లాస్టిక్‌ది. కన్నం కోస్తుంటే మూడొంతులు వచ్చాక టప్పున పగిలి చీలిక పైదాకా పోయింది. పైగా అలాంటి గట్టి పారదర్శక ప్లాస్టిక్‌లు, యాక్రిలిక్ లాంటివి, స్పిరిట్ పదేపదే తగిలితే సన్నని వెంట్రుక పగుళ్లు తేలతాయి. రెండోది పాలీప్రొపిలీన్, అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది. కాస్త పాలరంగు ఛాయ ఉంది కానీ వంగుతుంది తప్ప పగలదు, స్పిరిట్‌కీ బ్లీచ్‌కీ తట్టుకుంటుంది. కొంచెం మసకైనా సరే, నా ఓటు దీనికే.

కన్నాలు నేను వేడి చేసిన టిన్ డబ్బాతో పెట్టాను. ఖాళీ డబ్బా ఒక చివర పూర్తిగా తీసేసి, ఆ అంచును మంట మీద వేడెక్కించి, మందపాటి తోలు గ్లవ్స్‌తో పట్టుకుని ప్లాస్టిక్ మీద నిలువుగా ఆనించాలి. నొక్కకూడదు. డబ్బా బరువుకు అదే దిగుతుంది, మీరు దాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ ఉంటే చాలు. నొక్కితే ఒకవైపు ముందు దిగి కన్నం కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. కరిగిన ప్లాస్టిక్ అంచు దగ్గర చిన్న గట్టులా చుట్టుకుని చల్లారుతుంది. ఆ గట్టు ఎంతో మేలు చేసింది, చేతికి గీసుకోదు, కన్నానికి బలం కూడా. పొగ ఘాటుగా వస్తుంది, ఈ పని ఆరుబయటే చేయాలి. మంట మీద పెట్టేది డబ్బాను మాత్రమే, టబ్బు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. గుండ్రటి రంపం బిగించిన డ్రిల్లు ఉంటే అదీ బాగుంటుంది, కానీ అంచు గరుకుగా వస్తుంది, గరుకు కాగితంతో రుద్దాలి.

కొలత దగ్గర నేను ఒకసారి తప్పు చేశాను. కన్నం చిన్నదైతే గాలి తక్కువ వస్తుందని 10 సెంటీమీటర్లే పెట్టాను. మోచేతి కింది లావు భాగం అంచుకు రాసుకుని, చేయి కదిపినప్పుడల్లా టబ్బు మొత్తం కదిలేది. టబ్బు కదిలితే లోపలి గాలంతా కదిలినట్టే. తర్వాత పెద్ద డబ్బా తీసుకుని 13 సెంటీమీటర్లకు పెంచాను. ఇప్పుడు చేయి దేనికీ తగలకుండా వెళ్లి వస్తుంది. రెండు కన్నాల మధ్య బిందువులకు దూరం 32 సెంటీమీటర్లు పెట్టాను, నా భుజాలకు అది సరిపోయింది. కుర్చీలో కూర్చుని, చేతులు సహజంగా చాపి, ఎక్కడ తగులుతాయో అక్కడ స్కెచ్‌పెన్‌తో గుర్తు పెట్టుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. కన్నం కింది అంచు బల్ల నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మరీ కిందికి వస్తే మణికట్టు వంచి పని చేయాలి, అరగంటకే నొప్పి మొదలవుతుంది. నొప్పి వస్తే చేయి తొందరపడుతుంది.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. కన్నాలు తెరిచి ఉంటే గాలి రాదా, గ్లవ్స్ బిగించేస్తే మంచిది కదా అని. నేనూ అలాగే అనుకుని పొడవాటి రబ్బరు గ్లవ్స్‌ను కన్నాలకు బిగించి వారం వాడాను. చేయి లోపలికి పెట్టగానే గ్లవ్ ఉబ్బి లోపలి గాలిని నెడుతుంది. ఆ గాలి టబ్బు కింది సందుల్లోంచి బయటికి పోతుంది. చేయి వెనక్కి తీయగానే అంతే గాలి అవే సందుల్లోంచి, బల్ల మీది దుమ్ముతో సహా, లోపలికి వస్తుంది. సైకిల్ పంపు పనిచేసేది ఇలాగే. తెరిచిన కన్నంలో చేయి నెమ్మదిగా పెడితే చేతి పక్కనుంచి గాలి నిదానంగా సర్దుకుంటుంది, అంతే. గ్లవ్స్ తీసేసి, చేతులకు మామూలు నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, మోచేతి దాకా సబ్బుతో కడిగి స్పిరిట్ తుడుచుకుంటున్నాను.

నేను కొన్న రెడీమేడ్ గుడ్డ పెట్టెలో ఉన్నదీ ఇదే జబ్బు. కంపెనీ పేరు చెప్పడం లేదు, అలాంటివన్నీ దాదాపు ఒకే తీరులో ఉన్నాయి. తీగ ఫ్రేమూ, గుడ్డ గోడలూ, ముందు పలుచటి ప్లాస్టిక్ షీటూ, చేతులకు ఎలాస్టిక్ పట్టీలూ. విప్పితే నిలబడుతుంది, మడిస్తే అటక మీద పట్టేస్తుంది, ఆ సౌకర్యం కాదనను. కానీ చేయి కొద్దిగా పక్కకు జరిపితే ఎలాస్టిక్ గుడ్డను లాగుతుంది, గుడ్డ షీటును లాగుతుంది, షీటు లోపలికీ బయటికీ ఊగుతుంది. గోడలే ఊగే పెట్టెలో గాలి కదలకుండా ఎలా ఉంటుంది? షీటు మడతల దగ్గర వెలుతురు చెదిరి సీసా మూతి రెండుగా కనిపించేది. గుడ్డ మూలల్ని తుడిచి శుభ్రం చేయడం కూడా కష్టం, కుట్ల దగ్గర తేమ నిలుస్తుంది. చోటు బొత్తిగా లేనివాళ్లకు తప్ప నేను దాన్ని సిఫార్సు చేయను.

రెండు పెట్టెలనూ ఒకే రోజు పరీక్షించాను. మూత తీసిన అగార్ ప్లేటును, అంటే అగార్ జెల్లీ పోసిన చదునైన గిన్నెను, అరగంట పెట్టి, తర్వాత మూసి ఐదు రోజులు ఉంచి, దాని మీద పెరిగిన బూజు, బాక్టీరియా మచ్చలు లెక్కపెట్టడం. గదిలో బల్ల మీద తెరిచినదానికి 23 మచ్చలు వచ్చాయి. టబ్బులో పది నిమిషాలు ఆగి, చేతులు పెట్టకుండా తెరిచినదానికి ఒకటి. టబ్బులోనే చేతులు నెమ్మదిగా ఆడిస్తూ ఉంచినదానికి రెండు. అదే టబ్బులో మామూలు వేగంతో పని చేసినట్టు చేతులాడించినదానికి 9. గుడ్డ పెట్టెలో చేతులు నెమ్మదిగా ఆడించినా 6. అసలు మూతే తీయని ప్లేటు ఒకటి పక్కన ఉంచాను, దానికి ఒక్కటీ రాలేదు. అది లేకపోతే ప్లేట్లే ముందు నుంచి పాడయ్యాయేమో అన్న అనుమానం తీరదు. ఇది ఒక ఇంట్లో ఒక రోజు చేసిన పరీక్ష. మీ గదిలో అంకెలు వేరేగా వస్తాయి. కానీ 2కీ 9కీ మధ్య తేడా పెట్టెది కాదు, చేతులది. ఆ పేజీని నా నోటుబుక్కులో మడత పెట్టి ఉంచుకున్నాను.

వాడే పద్ధతి కూడా చెప్పాలి, అది లేకుండా పెట్టె గురించి ఎంత చెప్పినా సగమే. పని మొదలుపెట్టే గంట ముందే ఫ్యాను, ఏసీ ఆపేస్తాను. టబ్బు లోపలి గోడలను తడిగుడ్డతో తుడుస్తాను. పొడిగుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కు స్టాటిక్ కరెంటు పుట్టి దుమ్మును లాక్కుంటుంది. ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు గోడల మీదా బల్ల మీదా పలుచగా స్ప్రే చేస్తాను, దిగిన నలక ఆ తడికి అంటుకుంటుంది. కావలసినవన్నీ, సీసాలు, బ్లేళ్లు, పటకారు, కాయ, టేపు, ఒక్కొక్కటీ 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి లోపల పెడతాను. పేర్లు, తేదీలు ముందే రాసి ఉంచుతాను. మధ్యలో స్కెచ్‌పెన్ కోసం చేయి బయటికి తీశానంటే మళ్లీ పది నిమిషాలు ఆగాలి. కొందరు 99 శాతం ఆల్కహాల్ ఇంకా మంచిదనుకుంటారు. అది తొందరగా ఆరిపోతుంది, పైగా సూక్ష్మజీవి లోపలి ప్రొటీన్లు గడ్డకట్టాలంటే కొంత నీరు కూడా ఉండాలి. 70 శాతమే సరైనది. అయితే బాక్టీరియా గట్టి స్పోర్లను అదీ చంపలేదు. వాటికి ప్రెషర్ కుక్కరే మందు, 15 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర 121 డిగ్రీల సెల్సియస్‌లో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పెట్టెలో మంట పెట్టకండి. స్పిరిట్ దీపం, లైటరు, కొవ్వొత్తి, ఏదీ వద్దు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి మామూలు గది వేడికే అంటుకుంటుంది. మూసిన టబ్బులో ఆ ఆవిరి పోగవుతుంది, మీ రెండు చేతులూ, ఆల్కహాల్ తడిసిన గ్లవ్స్‌తో, అందులోనే ఉంటాయి. ప్రమాదం సంగతి అలా ఉంచినా, మంట పైకి లేపే వేడిగాలి పెట్టెను పెట్టె కాకుండా చేస్తుంది. నేను ఒక్కో సీసాకు ఒక్కో బ్లేడు చొప్పున ఫాయిల్‌లో చుట్టి కుక్కర్లో స్టెరిలైజ్ చేసి పెట్టుకుంటాను. వాడిన బ్లేడును పక్కన పెట్టేసి కొత్తది విప్పుతాను. అలాగే కాయను ముంచే బ్లీచ్ నీళ్లనూ ఆల్కహాల్‌నూ కలవనివ్వకండి, రెండూ కలిస్తే హానిచేసే ఆవిర్లు వస్తాయి. కాయను బ్లీచ్ నుంచి తీశాక స్టెరిలైజ్ చేసిన నీళ్లలో కడిగి ముందుకు పోవడం నా పద్ధతి.

ఇక సీసా తెరిచే క్షణం. పచ్చికాయ పగలకుండా ఉన్నంతవరకు దాని లోపల సూక్ష్మజీవులుండవు. పైతొక్కను శుభ్రం చేస్తే చాలు, అందుకే ఇంట్లో చేసేవాళ్లకు పచ్చికాయ వరం. కాయను పెట్టె మధ్యలో కోస్తాను. సీసా మూతను పూర్తిగా తీసి పక్కన పెట్టను, ఒకవైపు లేపి, మూత సీసాకు గొడుగులా పైన ఉండగానే ఆ సందులోంచి విత్తనాలు జారుస్తాను. నా చేయి ఎప్పుడూ తెరిచిన మూతి మీదుగా పోదు, పక్కనుంచే వస్తుంది. పని అయిన సీసాను వెనక్కి నెడతాను, మళ్లీ దాని మీదుగా చేయి చాపే అవసరం రాదు. లోపల తెరిచి ఉన్నది ఏ క్షణంలోనైనా ఒక్కటే. నోటికీ సీసాకూ మధ్య ప్లాస్టిక్ గోడ ఉంటుంది కాబట్టి ఊపిరి నేరుగా తగలదు, అయినా కన్నం వైపు వంగి మాట్లాడను. ఎనిమిది సీసాలకు నాకు యాభై నిమిషాలు పడుతుంది. మొదట్లో ఇరవై నిమిషాల్లో ముగించేసేవాణ్ణి.

పాడైన ఆ నాలుగు సీసాల సంగతి. బూజు ఎక్కడ మొదలైందో చూస్తే ఎక్కడ తప్పు జరిగిందో చాలావరకు తెలుస్తుంది. జెల్లీ మీద అక్కడక్కడ విడివిడి చుక్కలుగా వస్తే గాలిలోంచి పడ్డట్టు. విత్తనాల గుంపు చుట్టూనే వస్తే కాయ సరిగా శుభ్రం కాలేదని. బ్లేడు తగిలిన చోట గీతలా వస్తే పనిముట్టుది. జెల్లీ లోపల్నుంచే మబ్బులా కమ్మితే కుక్కర్లో సరిగా ఉడకలేదని. నా నాలుగులో ఒకటి లోపల్నుంచి మబ్బు పట్టింది, ఆ రోజు కుక్కర్ రబ్బరు కారుతోంది. ఇంకొకటి విత్తనాల చుట్టూ వచ్చింది, ఆ కాయ కొన దగ్గర అప్పటికే చిన్న చీలిక ఉంది, నేను సరిగా చూసుకోలేదు. మిగిలిన రెండూ విడి చుక్కలు, అవి పెట్టెవి లేదా నా చేతులవి. నలభై ఒక్కటిలో రెండు. నా దృష్టిలో ఇది చాలా మంచి పెట్టె.

లోపాలూ ఉన్నాయి. చేతులు చెమట పడతాయి, గ్లవ్స్ లోపల వేళ్లు జారతాయి. గంట దాటి పని చేస్తే లోపల తేమ చేరి పైకప్పు మసకబడుతుంది, ఆగి తుడుచుకోవాలి. నెలకు వందల సీసాలు వేసేవాళ్లకు ఇది సరిపోదు. వాళ్లకు లామినార్ ఫ్లో హుడ్ ఉండాలి. అందులో 0.3 మైక్రాన్ల నలకలను 99.97 శాతం ఆపే హెపా ఫిల్టరు గుండా వచ్చిన గాలి ఎడతెగకుండా మన వైపు వీస్తూ ఉంటుంది. అక్కడ మామూలు వేగంతో చేసుకుపోవచ్చు. ఫ్యానుకు ఒక ఫిల్టరు కట్టి ఈ టబ్బులోకే గాలి కొట్టిస్తే పోదా అని కొందరు ప్రయత్నిస్తుంటారు. దయచేసి వద్దు. గాలి సమంగా ఒకే దిశలో వీచకపోతే టబ్బు మూలల్లో సుడులు తిరిగి దిగినదంతా లేస్తుంది. కదలని గాలైనా ఉండాలి, సమంగా వీచే శుభ్రమైన గాలైనా ఉండాలి. నడిమిది పనికిరాదు.

నాకు ఇప్పుడు వచ్చిన ఇబ్బంది ఒక్కటే. మొదటి విడత మొలకలు ఆకులు, వేళ్లు వేసి సీసాల్లో కిక్కిరిసిపోయాయి. వాటిని విడదీసి కొత్త జెల్లీ మీదికి మార్చాలి. లోతైన సీసాల్లోకి దిగాలంటే 25 సెంటీమీటర్ల పటకారు కావాలి. దాన్ని నిలువుగా ఎత్తితే నా టబ్బు పైకప్పుకు తగులుతోంది. అందుకని 55 సెంటీమీటర్ల ఎత్తున్న ఇంకో టబ్బు తెచ్చాను, అడుగున ముద్ర లేనిది, 5 అంకె ఉన్నది. ఎత్తు పెరిగింది కాబట్టి ఆగే సమయం పది నిమిషాల నుంచి పావుగంటకు పెంచుతాను. కన్నాలు మాత్రం అదే డబ్బాతో, అదే 13 సెంటీమీటర్లే.